పురుగుల పెట్టెతో అమెరికా రావాలంటే: ఈడెక్స్, ఏఫిస్ పర్మిట్ సర్వీసుల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ నడిపే ఈడెక్స్ అనే వెబ్‌సైటుకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఇక్కడి వ్యవసాయ శాఖ కింద ఉండే ఏఫిస్ పర్మిట్ విభాగానికి నాలుగు, మధ్యలో డబ్బులు తీసుకుని "అంతా మేం చూసుకుంటాం" అనే ప్రైవేటు పర్మిట్ ఏజెన్సీకి మాత్రం ఒకటి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే బాపట్ల నుంచో రాజేంద్రనగర్ నుంచో ఎంటమాలజీ, అంటే కీటక శాస్త్రం, చదివి ఇక్కడికి పీహెచ్‌డీకి వచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, మన ఊరి పురుగులు ఓ పెట్టెలో సర్దుకుని తెచ్చుకోవచ్చా?" తెచ్చుకోవచ్చు. కానీ విమానం టికెట్ కొన్నాక ఆలోచించే విషయం కాదు అది.

నేను పేడపురుగుల మీద పని చేస్తున్నాను, అంటే పేడను ఉండలా చేసి వెనక కాళ్లతో దొర్లించుకుపోయే నల్ల పురుగులు, వాటితో పాటు పేడ కిందే బొరియ తవ్వుకుని ఉండిపోయే రకాలు కూడా. వీటిని పోల్చి చూడాలంటే వేర్వేరు దేశాల మ్యూజియంల నుంచి, కాలేజీల నుంచి స్పెసిమెన్లు, అంటే పరిశోధన కోసం భద్రపరిచిన నమూనాలు, వస్తూ పోతూ ఉంటాయి. కాబట్టి ఈ సర్వీసులు నేను ఏదో ఒకసారి వాడి చెబుతున్నవి కావు.

ముందు ఈడెక్స్. అమెరికాలోకి వన్యప్రాణి ఏది వచ్చినా, బతికున్నదైనా చచ్చినదైనా, మామూలుగా దానికి 3-177 అనే డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. వాళ్ల నిర్వచనంలో సూదికి గుచ్చి ఎండబెట్టిన పురుగు కూడా వన్యప్రాణే. "చచ్చిన పురుగుకి పర్మిషనేంటి" అనుకుని చాలామంది పట్టించుకోనిది ఇదే. ఆ ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపే సైటు ఈడెక్స్. అకౌంట్ తెరిచి, శాస్త్రీయ నామం, ఏ దేశంలో పట్టారు, ఎన్ని ఉన్నాయి, విలువ ఎంత అని రాయాలి, తర్వాత మూడు కోడ్‌లు ఎంచుకోవాలి. అదేం రకం వస్తువో చెప్పే చోట శాస్త్రీయ స్పెసిమెన్ అయితే ఎస్‌పీఈ, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చోట అడవి నుంచో పొలం నుంచో పట్టినది అయితే డబ్ల్యూ, ఎందుకు తెస్తున్నారో చెప్పే చోట పరిశోధనకి అయితే ఎస్. తర్వాత యూనివర్సిటీ లెటరు, స్పెసిమెన్ల జాబితా, పట్టిన దేశం ఇచ్చిన కాగితాలు స్కాన్ చేసి జత చేయాలి. ఇన్‌స్పెక్టర్ చూసి సరే అంటే క్లియర్ అయిన కాపీ వస్తుంది. పరిశోధన కోసం తెచ్చుకునే చచ్చిన స్పెసిమెన్లకి నేను దీనికి ఫీజు కట్టింది లేదు. సందేహం వచ్చి పోర్టులోని ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్పారు, లాటిన్ పేర్లు అక్షరం అక్షరం చదివి మరీ సరిచూశారు. నాలుగున్నర ఇవ్వడానికి ఆ ఓపిక కూడా ఓ కారణం.

వీళ్ల రూల్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది 180 రోజుల వెసులుబాటు. వర్గీకరణ పరిశోధన కోసం గుర్తింపు ఉన్న సంస్థలు, శాస్త్రవేత్తలు చచ్చిన, ఎండబెట్టిన, ద్రావణంలో భద్రపరిచిన స్పెసిమెన్లు తెచ్చుకుంటే డిక్లరేషన్‌ని వచ్చిన రోజే ఇవ్వక్కర్లేదు, 180 రోజుల లోపు ఇస్తే చాలు. అంతేకాదు, న్యూయార్క్, చికాగో, లాస్ ఏంజెలెస్ లాంటి నిర్ణీత పోర్టుల్లోనే దిగాలన్న షరతు కూడా వీటికి లేదు, కస్టమ్స్ ఉన్న ఏ పోర్టులో అయినా దిగొచ్చు, పోస్టులో అయినా రావొచ్చు. ఈ రూలు రాసిన వాళ్లకి మా పని తెలుసు అనిపిస్తుంది. ఎందుకంటే ఓ పెట్టెడు పురుగులు వస్తే అందులో ఏది ఏ జాతో మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తేగానీ తెలియదు, కొన్నిటికి మగపురుగు జననాంగం విప్పి చూడాల్సిందే. జాతి తేలకపోతే మనకు తెలిసినంత కచ్చితంగా, జీనస్ (దగ్గరి జాతుల గుంపు) వరకో కుటుంబం వరకో రాయొచ్చు. అయితే ఈ సడలింపు సైటీస్ (అంతరించే ప్రమాదం ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) పరిధిలో ఉన్న జాతులకి, వేరే పర్మిట్ అవసరమయ్యే జాతులకి వర్తించదు. వ్యాపారానికీ వర్తించదు. అద్దాల ఫ్రేములో పెట్టి అమ్మే సీతాకోకచిలుకలు తెప్పించుకుని అమ్ముకునేవాళ్లకి ఇంపోర్ట్ లైసెన్సు కావాలి, నిర్ణీత పోర్టులోనే దింపాలి, తనిఖీ ఫీజులు కట్టాలి. మన వాళ్లలో కొందరు ఆన్‌లైన్‌లో అలంకరణకి ఇవి కొని అమ్ముతున్నారు, వాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదువుకుంటే మంచిది.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఇంత మంచి వెసులుబాటు కొత్తవాళ్ల కంట పడదు. ఫెడరల్ రూల్స్ పుస్తకంలో 50వ టైటిల్, 14వ భాగంలో ఎక్కడో ఉంటుంది, ఎవరైనా సీనియర్ చెబితే తప్ప తెలియదు.

ఇక అసలు సంగతి. అమెరికా వైపు కాగితం సులువు, బరువంతా పురుగును పట్టిన దేశం వైపు ఉంది. ఇక్కడ 1900లో వచ్చిన లేసీ చట్టం ప్రకారం, వేరే దేశపు చట్టాన్ని ఉల్లంఘించి పట్టిన, తరలించిన వన్యప్రాణిని అమెరికాలోకి తేవడం కూడా నేరమే. అంటే ఈడెక్స్‌లో మీరు ఫారం ఎంత చక్కగా నింపినా, ఇండియాలో తీసుకోవాల్సిన అనుమతి తీసుకోకపోతే ఆ పెట్టె చట్టబద్ధం కాదు.

ఇండియా వైపు ఏముందో చూద్దాం. మొదటిది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. దీన్ని చూసేది చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, అందరూ ఎన్‌బీఏ అంటారు. ఈ చట్టం మూడో సెక్షన్ కింద విదేశీయులు ఇండియాలో జీవ వనరు ఏది తీసుకోవాలన్నా, పరిశోధనకైనా సరే, ముందు ఎన్‌బీఏ అనుమతి కావాలి. మనవాళ్లకి తెలియనిది దీని తర్వాతి మాట. ఇండియా పౌరుడే అయినా ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నాన్ రెసిడెంట్ అయితే వాళ్లకీ ఇదే రూలు. ఇండియన్ పాస్‌పోర్టు ఉంది కదా, మా తాత పొలంలో పట్టిన పురుగే కదా అంటే కుదరదు. అమెరికాలో పీహెచ్‌డీ చేస్తూ సెలవులకి ఇంటికెళ్లి మామిడి తోటలో వల వేసే పిల్లలందరూ ముందు తాము ఏ లెక్కలోకి వస్తారో చూసుకోవాలి. 2023 సవరణతో జైలు శిక్ష తీసేశారు గానీ జరిమానా లక్ష రూపాయల నుంచి 50 లక్షల దాకా ఉంది. విద్యార్థి జీతంతో బతికేవాళ్లం మనం.

కేంద్రం ఆమోదించిన ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులైతే ఐదో సెక్షన్ కింద మినహాయింపు ఉంటుంది, అందుకే ఇక్కడి ప్రొఫెసర్, అక్కడి సంస్థ కలిసి ముందుగానే ప్రాజెక్టు రాసుకోవడం అన్నిటికన్నా మేలైన దారి. ఇంకోటి, కొత్త జాతి దొరికితే దాని వోచర్ స్పెసిమెన్‌ని, అంటే ఆ జాతికి ఆధారంగా దాచే నమూనాని, ఇండియాలో నిర్దేశించిన భాండాగారంలో అప్పగించాలని అదే చట్టం 39వ సెక్షన్ చెబుతుంది. జంతువుల విషయంలో అంటే కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే. నాకు ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. నల్లమలలో దొరికిన పురుగుకి పేరు పెట్టడానికి ఆధారమైన స్పెసిమెన్ చూడాలంటే కర్నూలు పిల్లలు లండన్ వెళ్లాల్సిన గతి ఒకప్పుడు ఉండేది, బ్రిటిష్ కాలంలో పేరు పెట్టిన మన పురుగుల్లో చాలావాటి మూల స్పెసిమెన్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు, ఆ రోజుల్లోనే ఇండియా నగోయా ఒప్పందాన్ని ఆమోదించింది. దేశాల జీవ సంపద వాడుకుంటే అనుమతి తీసుకోవాలి, లాభంలో వాటా ఇవ్వాలి అనే ఒప్పందం అది. అమెరికా అందులో చేరలేదు, కానీ లేసీ చట్టం ఉంది కాబట్టి మన చట్టాన్ని దాటుకుని పోవడం ఇక్కడా కుదరదు.

రెండోది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. షెడ్యూళ్లలో సీతాకోకచిలుకలు చాలానే ఉన్నాయి. అభయారణ్యంలో అడుగు పెట్టి పరిశోధన చేయాలన్నా, షెడ్యూల్‌లో ఉన్నదాన్ని పట్టాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా నేషనల్ పార్క్ ప్రాంతంలో అనుమతి లేకుండా కీటకాలు పట్టారని ఇద్దరు చెక్ దేశస్థులను అరెస్టు చేశారు, కోర్టు ఒకరికి మూడేళ్ల జైలు, 60 వేల రూపాయల జరిమానా, ఇంకొకరికి 20 వేల జరిమానా వేసింది. ఇద్దరికీ పురుగుల గురించి బాగా తెలుసు, అందులో ఒకరు పేరున్న శాస్త్రవేత్త కూడా. విజ్ఞానం కోసం పట్టాం అంటే చాలదు, అనుమతి కాగితం చూపించాలి.

ఇప్పుడు ఏజెన్సీకి ఒక మార్కే ఎందుకంటే. మా ల్యాబ్‌లో ఒకతను దక్షిణ అమెరికా నుంచి చిమ్మటలు తెప్పించుకోవడానికి ఓ పర్మిట్ ఏజెన్సీకి గట్టిగానే డబ్బులు కట్టాడు. వాళ్లు చేసిందల్లా 3-177 నింపడం, అంటే అతను కూర్చుని తనే చేసుకోగలిగిన పని. ఆ దేశపు ఎగుమతి అనుమతి గురించి అడిగితే "చచ్చిన పురుగులకి అక్కర్లేదు" అని రాతపూర్వకంగా ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ మొదట అడిగిందే అది. పెట్టె ఆగిపోయింది, అక్కడి మ్యూజియం వాళ్లు తమ దగ్గర ముందే ఉన్న అనుమతి కాపీ పంపిస్తే గానీ కదల్లేదు, ఏజెన్సీ మాత్రం ఫోన్ ఎత్తలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, చట్టం గురించి తెలియని విద్యార్థికి తప్పుడు సలహా ఇచ్చి, కేసు అయితే అతని మీదే పడేలా చేయడం నాకు చాలా కోపం తెప్పించింది. మీ యూనివర్సిటీకి మ్యూజియం ఉంటే అందులో స్పెసిమెన్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ అని ఒకరు ఉంటారు, వాళ్లని అడగండి. ఏజెన్సీ కన్నా నాలుగింతలు తెలిసి ఉంటుంది, పైసా తీసుకోరు.

ఏఫిస్‌కి వస్తే, ఇది బతికున్న వాటి కోసం. మొక్కలకి చీడ అయ్యే పురుగైనా, ఆ చీడను తినే పురుగైనా ప్రాణంతో తేవాలంటే పీపీక్యూ 526 పర్మిట్ కావాలి. ఈఫైల్ అనే సైట్‌లో దరఖాస్తు చేయాలి, ఫీజు లేదు, అమెరికాలో చిరునామా ఉన్నవాళ్లే చేయాలి. ఏ పురుగు, ఏ దశలో, గుడ్డా లార్వానా, ఎక్కడ పెంచుతారు, తప్పించుకోకుండా ఏం ఏర్పాట్లు ఉన్నాయి, పని అయ్యాక ఎలా చంపుతారు అని అన్నీ అడుగుతారు. మీరుండే రాష్ట్రపు వ్యవసాయ శాఖ అభిప్రాయం కూడా తీసుకుంటారు. దేశం లోపలే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బతికున్న చీడపురుగుని పంపాలన్నా ఇదే పర్మిట్. ఇన్ని ప్రశ్నలు ఎందుకని విసుక్కునేవాళ్లని చూశాను. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి మొదటిసారి కనిపించినప్పుడు అది ఏ పర్మిటూ లేకుండా సముద్రాలు దాటి వచ్చిందే. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు తెల్లగా బూజు పట్టినట్టయి ఎండిపోయాయి, మందులు కొట్టి కొట్టి రైతులు అలసిపోయారు. 2010లో ప్యూర్టో రికో నుంచి ఇదే ఏఫిస్ సాయంతో మూడు రకాల చిన్న పరాన్న కందిరీగల్ని బెంగళూరు సంస్థ తెప్పించింది. పర్మిట్ తీసుకుని, క్వారంటైన్‌లో పెట్టి, ఇంకేదైనా పురుగుకి హాని చేస్తుందేమో పరీక్షించి, ఆ తర్వాతే తోటల్లో వదిలారు. వాటిలో అసిరోఫాగస్ పపాయే అనేది పిండినల్లిని అదుపులోకి తెచ్చింది. కాగితం లేకుండా దాటిన పురుగు ఏం చేసిందో, కాగితంతో వచ్చిన పురుగు ఏం చేసిందో చూశాక నాకు ఈ ఫారం మీద గౌరవం పెరిగింది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే చచ్చిన వాటికి ఒక శాఖ, బతికిన వాటికి రెండు శాఖలు, రెండూ ఒకే చోట చెప్పే కిటికీ లేదు. బతికున్న పురుగుకి ఏఫిస్ పర్మిట్ వచ్చిందంటే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ పని అయిపోయినట్టు కాదు, అక్కడ ఏం కావాలో విడిగా కనుక్కోవాలి.

చచ్చిన పురుగులకి పీపీక్యూ 526 అక్కర్లేదు గానీ, మా పేడపురుగుల లాంటి వాటితో ఓ చిక్కుంది. ఒంటి మీద మట్టి, పేడ అంటుకుని ఉండకూడదు. మట్టికి పర్మిట్ వేరే ఉంది, ఇక పేడ అంటే ఇండియాలో గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి పశువుల వైపు నుంచి ఇంకో భయం. కాబట్టి పట్టిన చోటే మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆల్కహాల్‌లో ముంచి, కాళ్ల గోళ్ల సందులు కూడా శుభ్రం చేసి మరీ ప్యాక్ చేయాలి. తేనెటీగల మీద పని చేసేవాళ్లకి విడిగా రూల్స్ ఉన్నాయి, చచ్చినవైనా సరే 70 శాతం ఆల్కహాల్‌లోనో, ద్రవ నైట్రోజన్‌లోనో, లేదా సూదికి గుచ్చి బాగా ఎండబెట్టో ఉండాలి.

ఆల్కహాల్‌తో విమానంలో ఎలా అని అందరూ టెన్షన్ పడతారు. విమాన సంస్థలు పాటించే ఐయాటా రూల్స్‌లో ఏ180 అనే ప్రత్యేక నిబంధన ఉంది. ఒక్కో లోపలి సీసాలో 30 మిల్లీలీటర్లకి మించి ద్రవం ఉండకూడదు, బయటి పెట్టె మొత్తానికి లీటరు మించకూడదు, సీసాల్ని ప్లాస్టిక్ సంచిలో వేడితో సీల్ చేసి, కారితే పీల్చుకునే దూది లాంటిది పెట్టి, పైన ఏ180 వర్తిస్తుందని రాయాలి. ఇలా చేస్తే అది ప్రమాదకర సరుకు లెక్కలోకి రాదు. ఓ కొరియర్ కౌంటర్‌లో ఈ నిబంధన తెలియక పెట్టెను వెనక్కి ఇచ్చేశారు, అప్పటి నుంచి ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టె మీదే అంటిస్తున్నాను, మళ్లీ ఆ గొడవ రాలేదు. మీరే తెచ్చుకుంటుంటే కాగితాలన్నీ చేతి బ్యాగులో ఉంచుకోండి, దిగాక కస్టమ్స్ డిక్లరేషన్‌లో దాచకుండా చెప్పండి.

సైటీస్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన అనంతపురం జిల్లా పేరు ప్రపంచమంతా మోస్తున్న ప్రాణి ఒకటుంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడుని చూసి 1899లో దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. నీలంగా మెరిసే పెద్ద సాలీడు. అది నిజంగా బతికేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఓ చిన్న ముక్కలో, వంద చదరపు కిలోమీటర్ల లోపు. అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతిగా ప్రకటించారు. అయినా యూరప్‌లో, అమెరికాలో దీన్ని గూటీ సఫైర్ అని పెంపుడు జంతువుగా అమ్ముతారు. 2019లో ఆ జీనస్ మొత్తాన్ని సైటీస్ రెండో అనుబంధంలో చేర్చాక ఇప్పుడు సరిహద్దు దాటాలంటే ఎగుమతి చేసే దేశం పర్మిట్ ఉండాలి, ఈడెక్స్‌లో ఆ పర్మిట్ నంబరు రాయాలి, 180 రోజుల వెసులుబాటు దీనికి లేదు. ఎవరైనా కొంటుంటే అది ఎక్కడ పుట్టింది, సైటీస్ కాగితం ఏది అని అమ్మేవాడిని అడగండి, చూపించకపోతే కొనకండి.

కొత్తగా వచ్చే పిల్లలకి ఇంకో సంగతి: చాలాసార్లు పురుగుని ఇక్కడికి తేవాల్సిన అవసరమే ఉండదు. హైదరాబాద్‌లో జూలాజికల్ సర్వే కేంద్రం ఉంది, బెంగళూరులో ఎన్‌బీఏఐఆర్ అనే వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ సేకరణ ఉంది. అక్కడ కూర్చుని కొలతలు, ఫోటోలు తీసుకుని రావచ్చు, మీ గైడ్‌తో ముందే మాట్లాడండి. తప్పనిసరిగా తేవాల్సిందే అయితే ఎన్‌బీఏ దరఖాస్తు నెలల ముందే మొదలుపెట్టండి, టికెట్ తర్వాత కొనుక్కోవచ్చు. క్లియర్ అయిన 3-177 కాపీని, ఇండియా అనుమతుల్ని ఓ ఫైల్లో పెట్టి ఆ నంబర్లు స్పెసిమెన్ డేటాబేస్‌లో కూడా ఎక్కించండి. పేపరు పంపినప్పుడు చాలా జర్నల్స్ అనుమతి నంబర్లు అడుగుతాయి, రేపు ఆ పెట్టెను ఇంకో మ్యూజియంకి లోన్ ఇవ్వాలన్నా రిజిస్ట్రార్ ముందు అడిగేది అవే.